మీకు తెలుసా? ఒకటో తారీఖున వచ్చే డబ్బు విలువ

ఉపాధి హామీ కింద ఒక కుటుంబం ఏడాదిలో నూరు రోజులూ పని చేసి, ప్రతి రోజూ పూర్తి కూలి పడిందనుకుందాం. 2025–26లో ఆంధ్రప్రదేశ్‌కు ఖరారైన ఆ కూలి రోజుకు 307 రూపాయలు. మొత్తం 30,700. అదే ఇంట్లో వీధి అరుగు మీద కూర్చునే మామ్మగారికి పింఛను నెలకు 4,000, అంటే ఏడాదికి 48,000. పశ్చిమ గోదావరి జిల్లా పెంటపాడు మండలంలో సెంటు పొలం లేని ఒక కూలి ఇంటికి నెలనెలా తప్పకుండా డబ్బు తెచ్చేది నడుం వంగిన తల్లి. గడ్డపార పట్టిన కొడుకు ఆమె తర్వాతే. కోడలు ఈ మాట పైకి అనకపోవచ్చు గానీ, ఇంటి లెక్క మాత్రం అదే చెబుతుంది.

75 నుంచి 4,000 దాకా

1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం మొదలైనప్పుడు వృద్ధాప్య పింఛనుకు కేంద్రం ఇచ్చింది నెలకు 75 రూపాయలు. రోజుకు రెండున్నర. ఉమ్మడి రాష్ట్రం విడిపోయే నాటికి పింఛను 200 దగ్గర ఉంది. 2014 అక్టోబరులో ఒక్కసారిగా 1,000 అయింది. 2019 ఆరంభంలో 2,000, అదే ఏడాది జులైలో 2,250. అక్కణ్ణుంచి మెట్టుమెట్టుగా 2024 జనవరికి 3,000, జులైకి 4,000. ఆ జులై ఒకటిన ఏప్రిల్, మే, జూన్ నెలల పెంపు కూడా కలిపి 7,000 చేతిలో పెట్టారు. ఆ రోజు రాష్ట్రంలో పింఛను అందుకున్నవాళ్లు 65 లక్షలకు పైనే.

ఇంతకీ ఈ 4,000లో కేంద్రం వాటా ఎంతో తెలుసా? 80 ఏళ్లలోపు వృద్ధులకు 200. ఆ పైబడినవాళ్లకు 500. ఆ 200 దాదాపు రెండు దశాబ్దాలుగా అక్కడే ఉంది. బియ్యం ధర, మందుల ధర, తాడేపల్లిగూడెం ఆటో చార్జీ అన్నీ మారాయి, అదొక్కటే మారలేదు. మిగతాదంతా రాష్ట్ర ఖజానా భరిస్తోంది. పార్టీలు ఎన్ని మారినా పింఛను అంకె వెనక్కి నడవకపోవడం మాత్రం మన ఎన్నికల్లో అరుదైన సంగతి.

తారీఖుకే ఎక్కువ విలువ

2020 ఫిబ్రవరి 1 నుంచి పింఛను ఇంటి గుమ్మంలోకే రావడం మొదలైంది. వాలంటీరు వచ్చి వేలిముద్ర తీసుకుని నోట్లు లెక్కపెట్టి ఇచ్చేవాడు. 2024 ఏప్రిల్‌లో ఎన్నికల సంఘం ఆదేశంతో వాలంటీర్లను ఆ పనికి దూరంగా పెట్టారు. ముసలివాళ్లు ఎండలో గ్రామ సచివాలయాల దగ్గరికి నడిచారు. మరుసటి నెల చాలామందికి బ్యాంకు ఖాతాల్లో వేస్తే, ఈసారి బ్యాంకు ముందు వరస కట్టారు. జులై నుంచి సచివాలయ ఉద్యోగులే ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. డబ్బులో రూపాయి తేడా రాకపోయినా, ఆ రెండు నెలలూ పల్లెల్లో గగ్గోలు పుట్టింది. ఎందుకంటే ఆ డబ్బు చేతికందక ముందే ఖర్చయిపోయి ఉంటుంది.

కిరాణా కొట్టు పద్దు ఒకటో తారీఖు మీద ఆధారపడి నడుస్తుంది. పింఛను ఉన్న ఇంటికి కొట్టువాడు నూనె ప్యాకెట్టు, కందిపప్పు ధైర్యంగా అరువిస్తాడు. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు మెడికల్ షాపులో అదే భరోసాతో దొరుకుతాయి. కూలి డబ్బుకు ఆ పరపతి లేదు. వాన కురిస్తే పని లేదు, కోత మిషన్ దిగితే పని లేదు. ఊళ్లో చేబదులు వడ్డీ నూటికి మూడు రూపాయలనుకోండి. 5,000 అప్పు మూడు నెలలు నిలిస్తే 450 వడ్డీ. ఏడాదికి చూస్తే నూటికి ముప్పై ఆరు. పింఛను వల్ల ఈ ఇంటికి మిగిలేది 4,000తో పాటు చేయకుండా తప్పించుకున్న అప్పు మీది వడ్డీ కూడా. ప్రభుత్వ లెక్కల్లో అది ఎక్కడా కనబడదు.

నెలనెలా ఇస్తే కంచం, ఒకేసారి ఇస్తే కప్పు

ఆఫ్రికాలోని కెన్యా పల్లెల్లో ఒక స్వచ్ఛంద సంస్థ పేద కుటుంబాలకు ఏ షరతూ లేకుండా డబ్బిచ్చింది. కొందరికి నెలనెలా, కొందరికి ఒకే విడతగా. ఎవరికి ఎలా ఇవ్వాలో చీటీ తీసి నిర్ణయించారు. హౌషోఫర్, షపీరో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్క తీసి 2016లో ప్రచురించారు. నెలనెలా అందుకున్నవాళ్ల ఇళ్లలో తిండికి లోటు తగ్గింది. ఒకేసారి అందుకున్నవాళ్లు మన్నే వస్తువులు కొన్నారు. గడ్డి కప్పు తీసి రేకులు వేయించుకున్నవాళ్లు వాళ్లలో ఎందరో.

మన దగ్గర రెండు రకాలూ చూశాం. పింఛను నెలవారీ. 2020లో మొదలైన చేయూత మాత్రం 45 నుంచి 60 ఏళ్ల మధ్య ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ మహిళలకు ఏడాదికి 18,750 చొప్పున నాలుగేళ్లు ఇచ్చారు. ఆ డబ్బుతో గేదెను కొనుక్కున్న ఆడవాళ్లూ ఉన్నారు, గదికి శ్లాబు పోయించుకున్నవాళ్లూ ఉన్నారు, చీటీ బాకీ తీర్చుకున్నవాళ్లూ ఉన్నారు. గేదె కొన్నవాళ్లను వేదికల మీదికి పిలిచి మాట్లాడించారు. బాకీ తీర్చుకున్నవాళ్లను ఎవరూ పిలవలేదు గానీ, నన్నడిగితే వాళ్లు చేసింది అంత కన్నా తెలివైన పని. ముప్పై ఆరు శాతం వడ్డీ ఆపడం కంటే లాభసాటి పెట్టుబడి డెల్టాలో ఏముంది?

సంక్రాంతికి ముందా, బడి తెరిచే రోజా?

పిల్లల్ని బడికి పంపే తల్లులకిచ్చే అమ్మ ఒడి డబ్బు మొదటిసారి ఖాతాల్లో పడింది 2020 జనవరి 9న. రెండోసారి 2021 జనవరి 11న. రెండూ సంక్రాంతి ముంగిట్లోనే. పశ్చిమ గోదావరిలో సంక్రాంతి ముందు ఇంట్లోకి 15,000 వస్తే ఏమవుతుందో ఈ జిల్లావాళ్లకు వివరించక్కర్లేదు. కోడిపందేల బరులు ఎక్కడెక్కడ వేస్తారో కూడా వాళ్లకే తెలుసు. పైగా జనవరి నాటికి సార్వా కోతల కూలి చేతిలో ఉంటుంది. ఆ ఇంటికి ఏడాదిలో కాస్త కలిగిన నెల అదే.

మూడోసారి 2022లోనూ నాలుగోసారి 2023లోనూ డబ్బు జూన్ ఆఖరుకు జరిగింది. 2025లో తల్లికి వందనం పేరుతో జూన్ 12న, బడులు తెరిచే రోజున ఇచ్చారు. డెల్టా పల్లెకు ఈ మార్పు ఎంత పెద్దదో చూడండి. దాళ్వా కోతలు ఏప్రిల్‌తో దాదాపు ముగుస్తాయి. కాలువలు కట్టేస్తారు. మళ్లీ కాలువకు నీళ్లు వదిలి, నారు పోసి, ఊడ్పులు అందుకునే దాకా కూలికి పని దొరకడం కష్టం. సరిగ్గా అప్పుడే బూట్లు, బ్యాగులు, పుస్తకాలు, కాన్వెంటుకు పంపేవాళ్లకు ఫీజులు. చెవి కమ్మలు తాకట్టుకు వెళ్లేది ఆ నెలలోనే. కాబట్టి జూన్‌లో పడిన 13,000, జనవరిలో పడిన 15,000 కన్నా ఆ ఇంటికి ఎక్కువ విలువ చేసిందన్నా తప్పు లేదు. (మిగతా 2,000 బడి నిర్వహణకని ఆపుకున్నారు. అమ్మ ఒడిలోనూ మొదట వెయ్యి, తర్వాత రెండు వేలు మరుగుదొడ్లకూ బడి బాగోగులకూ పట్టుకున్నారు.)

ఇంకో తేడా కూడా ఉంది. అమ్మ ఒడి తల్లికి ఒక్కటే వచ్చేది, పిల్లలు ఎందరున్నా సరే. తల్లికి వందనం పిల్లల లెక్కన వస్తుంది. ఇద్దరు పిల్లలుంటే 26,000, ముగ్గురుంటే 39,000. 2025లో 67 లక్షల మందికి పైగా పిల్లలకు వర్తించింది. పెద్దవాణ్ణి చదివించి రెండోదాన్ని ఇంటిపనికి నిలిపేసే ఇల్లు ఒకటుంటే, దానికి ఈ తేడా తెలుస్తుంది.

మామ్మ చేతి డబ్బు, తాత చేతి డబ్బు

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పోయే రోజుల్లో నల్లజాతి వృద్ధులకు కూడా పెద్ద మొత్తంలో పింఛను అందడం మొదలైంది. తర్వాతి కాలంలో నోబెల్ అందుకున్న ఎస్తేర్ డుఫ్లో ఆ ఇళ్లలో పిల్లల ఎత్తూ బరువూ పరిశీలించింది. నాన్నమ్మకో అమ్మమ్మకో పింఛను వచ్చే ఇంట్లో ఆడపిల్లల బరువు మెరుగుపడింది. తాతకు వచ్చే ఇంట్లో అటువంటి మార్పు కనబడలేదు. మామ్మ కొంగు ముడిలోంచి పది రూపాయలు ఎటు వెళతాయో మన ఊళ్లలో పెరిగినవాళ్లకు ఎటూ తెలుసు.

"పథకాలొచ్చి కూలోళ్లు దొరకట్లేదండీ"

పెంటపాడు మండలంలో ఆలంపురం నుంచి ప్రత్తిపాడు దాకా ఏ రైతు నోట విన్నా ఇదే మాట. ఇందులో రెండు ఆరోపణలు కలిసి ఉన్నాయి. డబ్బిస్తే తాగేస్తారని ఒకటి, పని మానేస్తారని మరొకటి.

తాగుడు సంగతి ముందు. ఎవాన్స్, పొపోవా అనే ప్రపంచ బ్యాంకు పరిశోధకులు పలు దేశాల్లో నగదు పథకాల మీద జరిగిన అధ్యయనాలన్నీ పోగేసి చూశారు. నగదు అందుకున్న ఇళ్లలో మందుకూ పొగాకుకూ పెట్టే ఖర్చు పెరిగినట్టు తేలలేదు. కొన్నిచోట్ల తగ్గింది కూడా. తాగేవాడు పథకం రాకముందూ తాగాడు. డబ్బు తల్లి ఖాతాలో పడితే వాడు దాన్ని ఆమె దగ్గర అడగాలి. ఆ అడగడం దగ్గరే చాలా ఆగిపోతుంది.

పని మానేయడం గురించి ఆరు దేశాల్లో జరిగిన ఏడు ప్రయోగాలను అభిజిత్ బెనర్జీ బృందం మళ్లీ లెక్కగట్టింది. నగదు అందినందువల్ల జనం పని తగ్గించుకున్నారనడానికి ఆధారం దొరకలేదు.

అయితే రైతు మాట ఉత్తదేనా? కాదు. ఆ ఆధారం కూడా మన రాష్ట్రంలోనే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలినీ పింఛన్లనూ వేలిముద్రల స్మార్ట్ కార్డుల మీద ఇవ్వడం మొదలుపెట్టారు. కార్తిక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ ప్రభుత్వంతో కలిసి, ఎనిమిది జిల్లాల్లో 157 మండలాల్లో ఏ మండలానికి ముందు కార్డులు రావాలో చీటీల పద్ధతిన తేల్చారు. ఆ జాబితాలో అనంతపురం, నెల్లూరు, ఖమ్మం, విజయనగరం ఉన్నాయి, మన పశ్చిమ గోదావరి లేదు. కార్డులు వచ్చిన మండలాల్లో ఉపాధి పథకంలో మధ్యలో కారిపోయే డబ్బు 41 శాతం తగ్గింది. కూలి కోసం తిరిగే సమయం తగ్గింది, ఆలస్యం తగ్గింది.

అసలు ఆశ్చర్యం తర్వాత బయటపడింది. ఆ మండలాల్లో ఉపాధి పనికి వెళ్లే ఇళ్ల ఆదాయం 14 శాతం పెరిగింది. అందులో ఉపాధి పథకం నుంచి వచ్చింది స్వల్పం. 86 శాతం బయటి పనుల నుంచే, అంటే రైతుల పొలాల్లోనూ ఇతర చోట్లా దొరికిన కూలి నుంచే. ఎలా? ఉపాధి డబ్బు సరిగ్గా చేతికొస్తోంది కాబట్టి కూలివాడు "ఇంత ఇస్తేనే వస్తా" అనగలిగాడు. రైతు ఇచ్చాడు. విచిత్రంగా బయటి పనులు తగ్గలేదు, పెరిగాయి. భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్న ఊళ్లలో ఆ పెరుగుదల ఇంకా ఎక్కువ. అదే సమయంలో భూమి మీద వచ్చే రాబడి తగ్గింది. రైతు గోడు అక్కడిది. కూలివాడు బద్ధకస్తుడై ఆయనకు నష్టం రాలేదు, బేరమాడే బలం తెచ్చుకోవడం వల్ల వచ్చింది. ఈ రెంటికీ మధ్య తేడాను పంచాయతీ అరుగు మీద ఒప్పుకోవడం కష్టమే.

ఏలూరు సభ, అక్టోబరు 4

సొంత ఆటో, టాక్సీ నడుపుకునేవాళ్లకు ఏడాదికి 10,000 ఇచ్చే వాహన మిత్రను 2019 అక్టోబరు 4న ఏలూరులోనే ప్రారంభించారు. బీమాకూ ఫిట్‌నెస్‌కూ పనికొస్తుందని ఉద్దేశం. ఆరేళ్ల తర్వాత సరిగ్గా అదే తారీఖున, 2025 అక్టోబరు 4న, మరో ప్రభుత్వం విజయవాడలో ఆటో డ్రైవర్లకు 15,000 ఇచ్చింది. ఈ రెండోదాని వెనక ఇంకో పథకం ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో కొన్ని రకాల బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. గూడెం ఉల్లి మార్కెట్లో పనికి వెళ్లే ఆడమనిషికి రోజూ ఆటోకయ్యే డబ్బు మిగిలింది. ఆటోవాడికి ఆ మేరకు బేరం పోయింది. పరిహారం వచ్చింది. ఒక ఇంట్లో భార్య బస్సెక్కుతూ భర్త ఆటో తోలుతుంటే, ఆ ఇంటికి లాభమో నష్టమో లెక్క వేయడం ఆర్థిక శాఖ వల్ల కూడా కాదు.

కొల్లేటి జాలరికి ఎందుకు రాదు?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. ఆ 61 రోజులకు మత్స్యకార భరోసా కింద 2019 నుంచి 10,000 ఇచ్చారు. 2025 ఏప్రిల్‌లో దాన్ని 20,000 చేశారు. ఈ నిషేధం సముద్రానికే కాబట్టి సాయమూ సముద్రం మీద వేటాడేవాళ్లకే. కొల్లేరు లంక గ్రామాల్లో మావులు, వలలు పెట్టుకుని బతికే కుటుంబానికి ఆ లెక్కలో చోటు లేదు. అయితే ఎండాకాలంలో సరస్సు కుంచించుకుపోయి వాళ్లకూ వేట ఆగుతుంది. ఆపింది ప్రభుత్వం కాదు కాబట్టి పరిహారం లేదు. 2006లో అభయారణ్య హద్దయిన అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తెగగొట్టిన ఆపరేషన్ కొల్లేరు నాటి నుంచీ ఆ ఊళ్లకు ప్రభుత్వం అంటే ముందు అటవీ శాఖే గుర్తుకొస్తుంది.

డబ్బు ఏ ఖాతాలో పడుతుంది?

ఆధార్ ఆధారంగా పంపే డబ్బుకు ఖాతా నంబరుతో పని లేదు. ఏ ఖాతాకు మీరు ఆఖరుసారి ఆధార్ అనుసంధానం చేయించుకున్నారో అందులోకి వెళుతుంది. ఎన్‌పీసీఐ మ్యాపింగ్ అని సచివాలయంలో చెప్పేది దీన్నే. అందుకే "డబ్బు పడలేదు" అని ఏడ్చిన చాలామంది డబ్బు, ఎప్పుడో గ్యాస్ సబ్సిడీ కోసమో ఫోనులో ఖాతా తెరవమంటేనో తెరిచి మరిచిపోయిన ఇంకో ఖాతాలో కూర్చుని ఉంటుంది. ముందు అక్కడ వెతకండి.

అర్హత దగ్గర ఇంకో చిక్కు. ఆరంచెల పరిశీలనలో నెలకు సగటున 300 యూనిట్లు దాటి కరెంటు వాడకూడదు, మాగాణి మూడెకరాలు మించకూడదు, కారు ఉండకూడదు, ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉండకూడదు. ఒకే మీటరు మీద అన్నదమ్ములిద్దరూ కాపురాలు చేసే ఇంట్లో సగటు మూడు వందల యూనిట్లు దాటడం పెద్ద విషయం కాదు. వేలిముద్రలదీ ఇదే కథ. ఏళ్ల తరబడి నాట్లు వేసి, గిన్నెలు తోమి అరిగిన వేళ్లను యంత్రం గుర్తుపట్టదు. ఆ తర్వాతే కనుపాప, ముఖం చూసే పద్ధతులు వచ్చాయి.

నగదుతో తీరనివి

వాన గట్టిగా పడితే ఎర్రకాలువ పొంగి తాడేపల్లిగూడెం పరిసరాల్లో వరి మునుగుతుంది. 2024 జులైలోనూ అదే జరిగింది. నాట్లు కుళ్లిపోతే రైతుకు నష్టం, ఆ వెంటనే కలుపు తీసే కూలికి పని నష్టం. పింఛను ఆ వారం అన్నం పెడుతుంది గానీ డ్రెయిన్‌లో పూడిక తీయదు. పథకాలకు పోయిన డబ్బుతో డ్రెయిన్లు బాగుచేయొచ్చు కదా అని అడిగేవాళ్ల మాట తీసేయదగ్గది కాదు. ఆ ప్రశ్న అడిగేవాళ్లలో పింఛను మీద బతికేవాళ్లు తక్కువన్నది కూడా తీసేయదగ్గది కాదు.

పొలం ఒకరిది, డబ్బు ఒకరికి

పీఎం కిసాన్ ఏడాదికి 6,000, రెండు వేల చొప్పున మూడు విడతలు. దానికి రాష్ట్రం డబ్బు జతచేసి 2019 అక్టోబరు నుంచి రైతు భరోసాగా 13,500 ఇచ్చారు. 2025 ఆగస్టు 2న అన్నదాత సుఖీభవ మొదలయ్యాక మొత్తం 20,000. తొలి విడతగా 7,000 ఖాతాల్లో పడింది.

పెంటపాడు చుట్టుపక్కల మాగాణిలో చాలా భాగం కౌలుదార్లు పండిస్తున్నారు. కౌలు ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే మాట్లాడుకుంటారు. పంట పోయినా చాలాసార్లు ఆ బస్తాలు కొలవాల్సిందే. సాయం మాత్రం పాసు పుస్తకం ఎవరి పేరున ఉంటే వారికి. అందుకని హైదరాబాదులో ఫ్లాటులో ఉన్న యజమాని ఫోనుకు మెసేజి వస్తుంది, పొలంలో మోకాలి లోతు బురదలో ఉన్నవాడి ఫోను మోగదు. రైతు భరోసా సమయంలో సెంటు భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదార్లకు రాష్ట్రమే 13,500 ఇచ్చింది. అదే పొలం పక్కన అదే కౌలుకు చేసుకుంటున్న ఓసీ కులపు పేదవాడికి రాలేదు. ఈ మండలాల్లో అటువంటివాళ్లు తక్కువేం లేరు.

దారి ఒకటి ఉంది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుదారుకు సీసీఆర్‌సీ కార్డు ఇస్తారు. దాంతో పంట రుణానికీ బీమాకూ సాయానికీ అర్హత వస్తుంది. గడువు పదకొండు నెలలే, భూమి హక్కుకు ఏమాత్రం భంగం లేదని చట్టంలోనే రాసి ఉంది. కానీ ఆ కాగితం మీద యజమాని సంతకం కావాలి. "సంతకం పెడితే రేపు పొలం నాదంటాడేమో" అని ఆయన భయం. "అడిగితే వచ్చే ఏడు కౌలుకివ్వడేమో" అని ఇతని భయం. కాబట్టి చాలాచోట్ల అడగడమూ జరగదు, పెట్టడమూ జరగదు. సార్వాకు నారుమడి పోసే లోపు ఆ కార్డు తీసుకోవాలనుకునే కౌలుదారు ముందుగా వెళ్లాల్సింది గ్రామ సచివాలయానికి. యజమానిని వెంటబెట్టుకుని.